స్పైసీ అంటే కారం కాదు: సెంటు పెట్టె మీది నాలుగు మాటలు

మొన్న దీపావళికి మా చెల్లెలు ఒక సెంటు సీసా పంపింది. అట్టపెట్టె మీద పేరు కింద చిన్న అక్షరాల్లో నాలుగు మాటలున్నాయి: వార్మ్, స్పైసీ, వుడీ, యూనిసెక్స్. ఇంట్లో అందరం మణికట్టు మీద తలా ఒకసారి కొట్టుకుని చూశాం. అమ్మ "బిర్యానీ దినుసుల డబ్బా మూత తీసినట్టుంది" అంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి "కాదు నానమ్మా, పెన్సిల్ చెక్కిన వాసన" అంది. మా ఆవిడకి సాంబ్రాణి తగిలింది. నాన్న మాత్రం మణికట్టుని ముక్కుకి ఆనించి రెండుసార్లు గట్టిగా పీల్చి, "నాకేం రావట్లేదే, నీళ్లు పోసి అమ్మారా ఏంటి?" అన్నారు.

ముగ్గురు చెప్పిందీ నిజమే. నాన్న చెప్పింది కూడా. అదెలాగో తేలాలంటే ముందు ఆ నాలుగు మాటలూ విప్పాలి.

తెలుగులో మనం వాసన "చూస్తాం". కానీ ఫోన్ తెరమీద దాన్ని చూడలేం. సెంట్లు ఆన్‌లైన్‌లో కొనడం మొదలయ్యాక సీసా మీది మాటలే శాంపిల్ అయిపోయాయి. ఆ మాటలేమో ఫ్రాన్సులోనో అమెరికాలోనో పుట్టి, అక్కడి వంటిళ్ల వాసనలతో పెరిగినవి. మన ముక్కుల దగ్గరికి వచ్చేసరికి కొన్ని అర్థం మార్చుకుంటాయి, కొన్ని తలకిందులవుతాయి.

మిరియంలో ఘాటు వేరు, కారం వేరు

మనకి స్పైసీ అంటే కారం. హోటల్లో "కొంచెం స్పైసీగా" అంటే పచ్చిమిరపకాయలు ఎక్కువ పడతాయి. సెంట్లవాళ్ల స్పైసీకి మిరపకాయతో దాదాపు సంబంధం లేదు. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, యాలకులు, మిరియాలు, ధనియాలు: వీటి వాసనకి వాళ్లు పెట్టుకున్న పేరది. నిజానికి ఈ విషయంలో తెలుగే సూటిగా ఉంది. వీటిని మనం సుగంధ ద్రవ్యాలంటాం. పోపుల పెట్టెలో సరుకుని సెంటు సరుకుగా పిలుచుకునే భాషలో ఉండి, స్పైసీ అన్న మాట దగ్గర తడబడుతున్నాం.

మిరియాన్నే తీసుకోండి. మిరియాల చారు గొంతులో దిగుతున్నప్పుడు మండించేది పైపరిన్. అది ఆవిరయ్యే సరుకు కాదు. మిరియాలకు నీటి ఆవిరి పట్టించి నూనె తీసినప్పుడు వాసన నూనెలోకి వచ్చేస్తుంది, పైపరిన్ పిప్పిలోనే ఉండిపోతుంది. కాబట్టి సెంటులో మిరియానికి ఘాటుంటుంది, కారం ఉండదు.

ఆ ఘాటు వెనక ఉన్న పదార్థాల్లో రోటండోన్ ఒకటి. దాన్ని మొదట గుర్తించింది మిరియాల్లో కాదు, తుంగముస్తల్లో. పేరు కూడా ఆ మొక్క శాస్త్రీయ నామం సైపెరస్ రోటండస్ నుంచి వచ్చిందే. పొలంలో కలుపని పీకి గట్టు మీద పారేసే తుంగ గడ్డని ఒకసారి గోటితో గిల్లి చూడండి. మట్టి, ఎండు చెక్క, కాస్త మిరియం కలిసిన వాసన వస్తుంది. తుంగ జాతి గడ్డల నుంచి తీసిన ఈ నూనె నాగర్‌మోతా పేరుతో, సిప్రియోల్ పేరుతో ఖరీదైన సెంట్లలోకి వెళ్తోంది.

ఈ దినుసులన్నీ ఒక గుంపు కూడా కాదు. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ వెచ్చని మసాలాలు. యాలకులు, ధనియాలు, పచ్చి అల్లం చల్లని మసాలాలు. యాలక్కాయ నలిపి పీల్చగానే ముక్కులో కాస్త చల్లగా అనిపిస్తుందే, దానికి కారణం సినియోల్. నీలగిరి తైలంలో ముఖ్యంగా ఉండేది కూడా అదే. అందుకే వెచ్చని సెంట్లలో సైతం మొదటి క్షణంలో యాలకుల చల్లదనం తగిలి, ఆ వెనకనుంచి లవంగం తలెత్తుతుంది.

అమ్మ చెప్పిన బిర్యానీ డబ్బాకి రుజువు పెట్టె వెనకే దొరికింది. భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో యూజినాల్, సిన్నమాల్ అని ఉన్నాయి. యూజినాల్ లవంగం వాసనకి మూలం. పళ్ల డాక్టరు గదిలో అడుగుపెట్టగానే వచ్చే వాసన కూడా చాలావరకు దానిదే. సిన్నమాల్ దాల్చినచెక్కది. వీటిని తయారీదారులు ముచ్చటపడి చెప్పలేదు. కొందరి చర్మానికి పడకపోవచ్చు కాబట్టి, పరిమితి దాటి వాడితే పేరు రాయాల్సిందేనని యూరోపియన్ యూనియన్ మొదట 26 పదార్థాలతో జాబితా పెట్టింది, 2023లో దాన్ని బాగా పెంచింది. ఎంత మోతాదు వరకు వాడొచ్చో పరిశ్రమ కూడా హద్దులు పెట్టుకుంది. పాతకాలపు లవంగం సెంట్లలా ఇవాళ్టివి గుప్పుమనకపోవడానికి అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదు. చర్మాన్ని కాపాడాలనేవాళ్లది న్యాయమైన మాటే. పాత సెంట్ల ఫార్ములాలు మార్చేసి ప్రాణం తీశారనే అభిమానుల బాధా అర్థం చేసుకోదగ్గదే.

సీసా చల్లగానే ఉంటే వెచ్చదనం ఎక్కడిది?

చర్మం మీద పడగానే ఏ సెంటైనా చల్లగానే ఉంటుంది. ఆల్కహాల్ ఆవిరవుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. మరి వార్మ్ అనే ఈ వెచ్చదనం ఎక్కడుంది?

కొందరు నరాల్లో ఉందంటారు. వేడిని, చలిని గుర్తించే గ్రాహకాలు చర్మంలోనూ ముక్కులోనూ ఉంటాయి. మిరపకాయ మంటకి స్పందించే గ్రాహకమే నిప్పు వేడికీ స్పందిస్తుందని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. పుదీనాలోని మెంథాల్ చలి గ్రాహకాన్ని తట్టినట్టే యూజినాల్ వెచ్చదనపు గ్రాహకాలను తట్టగలదు. కాబట్టి లవంగం వెచ్చన అనేది వట్టి కవిత్వం కాదు. కాకపోతే మణికట్టు మీది రెండు తుంపర్లలో ఉండే లవంగం ఆ పని చేయడానికి చాలదు. పైగా చందనం, వనిలా లాంటివాటికి ఈ కథ అతకదు. వాటినీ వెచ్చన అనే అంటున్నాం కదా.

రెండో వాదం జ్ఞాపకాలది. యూరప్‌లో దాల్చినచెక్క, లవంగం అంటే క్రిస్మస్. బయట మంచు, లోపల పొయ్యి దగ్గర మరుగుతున్న మసాలా వైన్, ఓవెన్‌లో కేకు. ఆ వాసన తగలగానే వాళ్లకి స్వెట్టర్ గుర్తొస్తుంది. మనకి అదే వాసన మే నెల పెళ్లిలో షామియానా కింద, చెమటలు కారుతుండగా వడ్డించిన బిర్యానీ. ఈ వాదానికి బలమైన సాక్షి వట్టివేరు. పాశ్చాత్య సెంట్ల పుస్తకాల్లో అది చెక్క వాసనల కుటుంబంలో, మట్టి, పొగ, గంభీరం అనే మాటల పక్కన ఉంటుంది. తెలుగు ఇళ్లలో వట్టివేళ్ల తడికలకి నీళ్లు చల్లి మధ్యాహ్నం వడగాలిని చల్లబరుచుకునేవాళ్లు, కుండలో వేసుకుని ఆ నీళ్లు తాగేవాళ్లు. మా అమ్మకి వట్టివేరు వాసన చూపించి "ఇది వెచ్చగా ఉందా" అని అడిగితే నాకేదో అయిందనుకుంటుంది. అంతర్జాతీయ మార్కెట్లో చలామణీ అయ్యే వెటివర్ అన్న పేరు తమిళ వెట్టివేర్ నుంచే వెళ్లింది. మాట మాత్రమే వెళ్లింది, చల్లదనం ఇక్కడే ఉండిపోయింది.

మనకు ఇంకో లెక్క కూడా ఉంది. బొప్పాయి వేడి చేస్తుందని, మజ్జిగ చలువ చేస్తుందని అంటాం. థర్మామీటర్ పెట్టి కొలిచేది కాదది. అత్తర్లకీ ఇదే లెక్క. ఖస్ అనే వట్టివేరు, గులాబీ, మల్లె, మొగలి ఎండాకాలానివి. హీనా, షమామా, కస్తూరి, ఊద్ చలికాలానివి. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో పాతకాలపు అమ్మకందారు ఇవాళ్టికీ ఈ లెక్క చెబుతాడు.

వీటిలో షమామా కాస్త ఆగి చూడదగ్గది. వార్మ్, స్పైసీ, వుడీ అన్న మూడు మాటలూ ఇంగ్లిష్ పెట్టెల మీదికి ఎక్కకముందే కలిసిపోయిన వస్తువు అది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తయారుచేస్తారు. లవంగాలు, యాలకులు, జాజికాయ, జటామాంసి, నాగర్‌మోతా, ఇంకా ఎన్నెన్నో వేళ్లు, బెరళ్లు డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లతో వేసి, మూతని బంకమట్టితో మూసి, కట్టెల పొయ్యి మీద కాస్తారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి దిగి, నీళ్ల తొట్టిలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి చేరుతుంది. సంప్రదాయం ప్రకారం భప్కాలో ముందుగానే చందన తైలం ఉంటుంది. వచ్చిన వాసన అందులో నానుతుంది. రోజుల తరబడి సరుకు మారుస్తూ మళ్లీమళ్లీ కాస్తారు. ఏ ఇంట్లో ఏ దినుసు ఎంత వేస్తారో బయటికి చెప్పరు. చందనం ధర పెరిగాక చాలామంది అడుగున వేరే నూనెలు పోస్తున్నారు. వాసన అక్కడే మారిపోతుందని తెలిసినవాళ్లు చెబుతారు.

చెక్కల్లో ఏది ఏది?

వుడీ అంటే చెక్క వాసన. మా అమ్మాయి చెప్పిన పెన్సిల్ వాసన సీడర్‌ది. ఒకప్పుడు మంచి పెన్సిళ్లు వర్జీనియా సీడర్ చెక్కతో చేసేవాళ్లు, సెంట్లలో ఆ చెక్క నూనె ఇప్పటికీ వాడతారు. దాని పేరు సీడరే గాని వృక్షశాస్త్రం ప్రకారం అది జూనిపర్ జాతి చెట్టు. అసలు సీడర్లు మొరాకో వైపు అట్లాస్ కొండల్లోనూ, మన హిమాలయాల్లో దేవదారు పేరుతోనూ ఉన్నాయి.

చందనం వేరే దారి. సీడర్ పొడిగా, గీరినట్టుంటుంది. చందనం మీగడలా మెత్తగా పరుచుకుంటుంది. ఆ మెత్తదనం చందన తైలంలోని శాంటలాల్ అనే పదార్థానిది. మైసూరులో విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న రోజుల్లో, 1916లో, ప్రభుత్వ చందన తైలం ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత చాలాకాలం ప్రపంచంలో మంచి చందనానికి మైసూరు పేరే గుర్తు. అడవుల్లో చెట్లు తరిగాక ధర ఆకాశానికంటి, సెంట్ల కంపెనీలు ఆస్ట్రేలియా చందనానికో, జవనాల్, పోలిశాంటాల్ లాంటి కృత్రిమ అణువులకో మళ్లాయి. సహజమైనదే గొప్పదనే వాదం ఒకటుంది. చెట్టుని కొట్టకుండా వచ్చే వాసనే మేలనే వాదం ఇంకొకటి. ముక్కుతో చూస్తే, కృత్రిమ చందనం ఎక్కువ సూటిగా, ఎక్కువ దూరం వెళ్తుంది. అసలుది దగ్గరికొస్తేనే తెలుస్తుంది, కానీ గంటగంటకీ కొంచెం కొంచెం మారుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. పెట్టె మీద శాండల్ అని కనబడగానే శేషాచలం గుర్తొస్తుంది. ఎర్రచందనానికీ శ్రీగంధానికీ చుట్టరికం లేదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబపు చెట్టు. దాని విలువ రంగులోనూ చెక్క గట్టితనంలోనూ ఉంది గాని వాసనలో లేదు. శ్రీగంధం పక్క చెట్ల వేళ్ల నుంచి ఆహారం లాక్కునే సగం పరాన్నజీవి. పేరులో చందనం కలవడమే తప్ప ఎర్రచందనం దుంగని గీరి పీల్చినా సెంటు రాదు.

ఊద్ మన అగరే. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని చెక్కకి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. దెబ్బ తగిలి బూజు పట్టాక, చెట్టు తనని తాను కాపాడుకోవడానికి నల్లటి జిగురు ఊరిస్తుంది. వాసనంతా ఆ జిగురుదే. దానికోసం ఆరోగ్యంగా ఉన్న చెట్లను కూడా గుడ్డిగా నరికేయడంతో ఈ జాతి మొత్తం వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి. మన అగరుబత్తి పేరులో అగరు ఇప్పటికీ ఉంది. బత్తిలో ఉండటం అరుదు.

అంబర్ అనే మాటలో దాగిన సాంబ్రాణి

మా ఆవిడకి తగిలిన సాంబ్రాణిని పెట్టె మీద ఆ పేరుతో వెతికితే దొరకదు. అక్కడ అంబర్ అని ఉంటుంది. అంబర్ అంటే పూసలు చేసే శిలాజపు జిగురు కాదు, తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్సూ కాదు. లాబ్డనం అనే మధ్యధరా పొద జిగురుని, వనిలాని, బెంజాయిన్‌ని కలిపితే వచ్చే తియ్యని బరువైన వాసనకి సెంట్లవాళ్లు పెట్టుకున్న పేరది. బెంజాయిన్ అంటే మనం శనివారం సాయంత్రం నిప్పుల మీద వేసే సాంబ్రాణి.

ఈ కుటుంబాన్ని మొన్నటిదాకా ఓరియంటల్ అనేవాళ్లు. సెంట్లను కుటుంబాలుగా విడగొట్టి చక్రంలా గీసిన మైకేల్ ఎడ్వర్డ్స్ 2021లో ఆ మాట తీసేసి అంబర్ అని మార్చారు. సగం ప్రపంచాన్ని ఒకే మత్తు వాసనగా చూపించే మాట అది, పోవడమే మంచిదని కొందరన్నారు. పాత మాట కనీసం సరుకు ఎక్కడిదో చెప్పేది, అంబర్ అసలేమీ చెప్పదని ఇంకొందరన్నారు. ఈ రెండో మాటలో కొంత నిజముందనే అనిపిస్తుంది నాకు. మా ఆవిడకి ఓరియంటల్ అని చెప్పినా, అంబర్ అని చెప్పినా ఒకటే. సాంబ్రాణి అంటేనే అర్థమైంది.

ఇరవై చుక్కల లెక్క

ఇన్ని వాసనలు ఒకే సీసాలో ఉన్నా ఒకేసారి రావు. చిన్న లెక్కతో చూద్దాం. ఓ ద పర్‌ఫ్యూమ్ అని అమ్మే రకంలో సాధారణంగా వాసన సరుకు 15 నుంచి 20 శాతం ఉంటుంది, మిగతాది ముఖ్యంగా ఆల్కహాల్. 100 చుక్కల్లో 20 చుక్కలు సరుకు అనుకుందాం. వాటిని నేనిలా ఊహించుకుంటున్నాను: బెర్గమాట్ నిమ్మ 3, యాలకులు, మిరియాలు కలిపి 2, లవంగం, జాజికాయ కలిపి 1, గులాబీ 2, సీడర్ 4, చందనం 4, సాంబ్రాణి, లాబ్డనం, వనిలా కలిపి 4.

కొట్టిన మొదటి పది పదిహేను నిమిషాలూ బెర్గమాట్, యాలకుల రాజ్యం. లెక్కలో అవి పావువంతు, ముక్కుకి మాత్రం అవే అంతా. నిమ్మజాతి వాసనల్లో ఉండే లిమొనీన్ అణుభారం 136, శాంటలాల్‌ది 220. తేలికైనది ముందు లేచిపోతుంది. ఆ తర్వాత లవంగం, గులాబీ పైకొస్తాయి. లవంగం ఒక్క చుక్కలోపే ఉన్నా వినబడుతుంది, అంత గొంతు దానిది. రెండు మూడు గంటలకి మిగిలేది చివరి పన్నెండు చుక్కలు: సీడర్, చందనం, సాంబ్రాణి. సాయంత్రానికి చొక్కా కాలరు దగ్గర ఉండేది అదే.

బరువు ఒక్కటే లెక్క కాదు. వనిలా వాసనకి మూలమైన వనిలిన్ అణుభారం 152 మాత్రమే, యూజినాల్ కన్నా తక్కువ. అయినా చివరిదాకా ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో అది గట్టి స్ఫటికం, అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని తొందరగా ఆవిరవ్వవు.

వెచ్చని సెంట్లకి అంటగట్టే మూడ్ సగం ఇక్కడే పుడుతుంది. నిమ్మ సెంటు గదిలోకి మనకన్నా ముందు వెళ్లి పలకరిస్తుంది, వెంటనే వెళ్లిపోతుంది. చెక్క, జిగురు వాసనలు ఒంటికి దగ్గరగా, నెమ్మదిగా కదులుతాయి. పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తాయి. ప్రశాంతం, సన్నిహితం, సాయంకాలం అని రాసే మాటలకి ఆధారం ఈ నిదానమే. అదే సెంటు మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఇలా నడవదు. బరువైన అణువులు కూడా గబగబా లేచి, జనంతో కిక్కిరిసిన బస్సులో సన్నిహితం కాస్తా తలనొప్పి అయ్యే ప్రమాదముంది.

ఎవరి వాసన ఇది?

నాలుగో మాట, యూనిసెక్స్, వాసన గురించి చెప్పే మాట కాదు. ఏ అణువుకీ ఆడా మగా లేదు. ఎవరికి అమ్ముతున్నారన్నదే ఉంది, అదీ కాలాన్ని బట్టి మారింది.

ఓల్డ్ స్పైస్ అనగానే మనకి గడ్డం గీసుకునే నాన్నలు గుర్తొస్తారు. ఆ పేరుతో 1937లో మొదట వచ్చిన సరుకు ఆడవాళ్లకోసం. మగవాళ్లది ఆ మరుసటి ఏడాది వచ్చింది. లవంగం, దాల్చినచెక్క దట్టించిన ఓపియం అనే సెంటు 1977లో వచ్చింది, అది ఆడవాళ్లది. ఒకే దినుసులు ఒక దశాబ్దంలో మీసం పెట్టుకుని, ఇంకో దశాబ్దంలో లిప్‌స్టిక్ వేసుకున్నాయి. 1889 నాటి గెర్లాన్ కంపెనీ వారి జికీ అనే సెంటునైతే మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ పూసుకున్నారు.

1994లో రెండు సీసాలు యూనిసెక్స్‌కి రెండు దారులు చూపించాయి. సీకే వన్ నిమ్మ, గ్రీన్ టీ దారి. ఆడతనం, మగతనం అని జనం అనుకునే వాసనలన్నీ కడిగేసి, స్నానం చేసిన ఒళ్లులా తేటగా ఉంచడం. అదే ఏడాది జపాన్ డిజైనర్ రేయ్ కవాకుబో సంస్థ కొమ్ దె గార్సాన్ తన మొదటి సెంటు తెచ్చింది. తయారుచేసింది మార్క్ బక్స్‌టన్. లవంగం, దాల్చినచెక్క, యాలకులు, మిరియాలు, సీడర్, చందనం, ధూపం అన్నీ వేసి కలిపాడు. నిలబడని, పక్కకి పడుకుని ఉండే గులకరాయి లాంటి సీసా దానిది. మొదటిది రెండు పక్షాల్నీ తుడిచేసి యూనిసెక్స్ అయింది. రెండోది ఇద్దరి సరుకూ నింపేసి అయింది. మా ఇంటికొచ్చిన సీసా ఈ రెండో వంశానిది.

ఇది వట్టి మార్కెటింగ్ అనేవాళ్లు చెప్పేది ఒక్కటే: ఒకే సీసా ఇద్దరికీ అమ్మితే బేరం రెట్టింపు. దానికి జవాబుగా, ఆ మాట చూశాకే ధైర్యంగా చందనం కొనుక్కున్న ఆడవాళ్లున్నారు, గులాబీ కొనుక్కున్న మగవాళ్లున్నారు అంటారు అవతలివాళ్లు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మన పక్క ఈ తగువు అంత పాతది కాదు. పెళ్లిలో పన్నీరు చల్లి గంధం పూసేటప్పుడు ఎవరూ ఆడా మగా చూడరు. పేరంటంలో మెడకి పూసే గంధం, స్వాములు నుదుట పెట్టుకునే గంధం ఒకే సానమీద అరగదీసినవే. చెక్క వాసన మగవాళ్లదన్న ఊహ మనకి డియోడరెంట్ ప్రకటనలతో దిగుమతి అయింది.

నాన్నకి ఎందుకు రాలేదు?

పెట్టె వెనక యూజినాల్, సిన్నమాల్, కుమారిన్ దాటాక ఒక పొడుగాటి పేరు ఉంది: టెట్రామిథైల్ అసిటైలాక్టాహైడ్రోనాఫ్తలీన్స్. వ్యాపారంలో దీన్ని ఐసో ఈ సూపర్ అంటారు. 1973లో అమెరికాలోని ఐఎఫ్ఎఫ్ అనే సంస్థ ప్రయోగశాలలో పుట్టింది. ఏ చెట్టులోనూ లేని చెక్క వాసన ఇది. సీడర్ లాంటిదే గాని మెత్తగా, మఖమల్ గుడ్డ రాసినట్టుంటుంది. ఇవాళ్టి వుడీ సెంట్లలో చాలావాటికి వెన్నెముక ఇదే. 2006లో సెంట్లు తయారుచేసే గెజా ష్యోన్ తెచ్చిన మాలిక్యూల్ 01 అనే సెంటులో వాసన సరుకు ఇదొక్కటే.

దీనికో వింత గుణం ఉంది. కొందరికి అసలు తెలియదు, కొందరికి కాసేపు తెలిసి మాయమై మళ్లీ వస్తుంది. ఒక్కో వాసనకి ఒక్కో రకం గ్రాహకాలు కావాలి, అవి మనిషికీ మనిషికీ తేడా ఉంటాయి. మిగతా వాసనలన్నీ బాగా తెలిసే ముక్కుకి కూడా ఏదో ఒక్క అణువు దగ్గర గుడ్డితనం ఉండొచ్చు. పైగా దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చేకొద్దీ ముక్కు అలిసిపోయి ఆ వాసనని పక్కన పెట్టేస్తుంది. నాన్నకి లవంగం ఎందుకు తగల్లేదంటే, ఆయన వంతు వచ్చేసరికి ముగ్గురు కొట్టిన సెంటుతో గది నిండిపోయి ఉంది. ఆయన ముక్కు అప్పటికే అందులో నానిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన పేపరు చదువుకుంటూ వసారాలో కూర్చున్నారు. మా అమ్మాయి రాత్రి వేసుకున్న స్వెట్టరే తొడుక్కుని స్కూలు బ్యాగుతో పక్కనుంచి వెళ్లింది. నాన్న పేపరు దించి, "ఎవరింట్లోనో వడ్రంగి పని జరుగుతున్నట్టుందే" అన్నారు.